వుడెన్ ఫ్లోరింగ్ రకాలు, రిపేర్లు: బెజవాడ, గుంటూరు వాళ్ళు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల చెక్క ఫ్లోరింగ్ వేయడం, రిపేర్ చేయడం మా పని. రోజూ ఫోన్‌లో చెప్పిందే చెప్పాల్సొస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాం. ముందే ఒక మాట, మన దగ్గర చెక్క ఫ్లోర్ పాడైందంటే చాలావరకు నీళ్ళ వల్లే, పాలిష్ పోవడం వల్ల కాదు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోకుండా పైన ఎంత ఖర్చు పెట్టినా వానాకాలం వచ్చేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

మా ఇంట్లో ఉన్నది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

ఫోన్ చేసిన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదండి, బిల్డర్ బ్రోచర్‌లో "వుడెన్ ఫ్లోరింగ్" అని ఉంటుంది అంతే. గుమ్మం దగ్గర టైల్‌కీ చెక్కకీ మధ్య ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది కదా, దాన్ని జాగ్రత్తగా లేపి చెక్క అంచు పక్కనుంచి చూడండి. పైనుంచి కింద దాకా ఒకే చెక్క, 18 నుంచి 20 ఎంఎం మందం ఉంటే అది సాలిడ్ వుడ్. పైన పల్చగా అసలు చెక్క పొర, కింద ప్లైవుడ్ పొరలు అడ్డం నిలువు కనపడితే ఇంజినీర్డ్ వుడ్. లోపలంతా గోధుమ రంగులో నొక్కిన చెక్కపొడి ఉంటే లామినేట్, దాని పైన కనిపించే చెక్క డిజైన్ ప్రింట్ చేసిన కాగితం, దాని మీద గట్టి పారదర్శక పొర. బూడిద రంగులో 4 నుంచి 6 ఎంఎం మందంతో ఉంటే ఎస్‌పీసీ, అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక, అందులో చెక్క అస్సలు ఉండదు.

పట్టీ లేపడానికి భయంగా ఉంటే ఇంకో గుర్తు ఉంది. గదిలో నాలుగైదు పలకలు వరసగా చూడండి, ఒకే కన్ను, ఒకే గీత ఇంకో పలకలో అచ్చం అలాగే మళ్ళీ కనపడితే అది ప్రింటే. ఇక వుడ్ డిజైన్ విట్రిఫైడ్ టైల్ వేసుకుని మాకు ఫోన్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది టైల్స్ మేస్త్రీ పని, మాది కాదు.

వీటిలో మన ఊరికి ఏది బెటర్?

వేసవిలో 45 డిగ్రీల ఎండ, ఆగస్టు నుంచి నవంబర్ దాకా ముసురు, తుపాన్లు. ఈ రెండింటి మధ్య చెక్క కుంచించుకుంటూ ఉబ్బుతూ ఉంటుంది, ముఖ్యంగా అడ్డంగా, అంటే పలక వెడల్పు వైపు. సాలిడ్ వుడ్‌లో ఈ కదలిక బాగా కనపడుతుంది. ఇంజినీర్డ్‌లో కింద పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఒకటి పట్టుకుని తక్కువ కదులుతుంది. అందుకని అసలు చెక్కే కావాలి అనుకునేవాళ్ళకి మేం చెప్పేది ఇంజినీర్డే, టాప్ లేయర్ కనీసం 3 ఎంఎం ఉన్నది. 0.6 ఎంఎం టాప్ లేయర్‌వి కూడా అదే పేరుతో అమ్ముతారు, రేటు తక్కువ చూసి పడిపోవద్దు, దాన్ని జన్మలో ఒక్కసారి కూడా శాండింగ్ (మెషీన్‌తో పైపొర అరగదీయడం) చేయలేరు.

కృష్ణలంక, భవానీపురం లాంటి నది పక్క ఏరియాల్లో గ్రౌండ్ ఫ్లోర్ అయితే మాత్రం ఎస్‌పీసీకి పోండి, లేదా హాయిగా టైల్స్ ఉంచుకోండి. చెక్క మీద ముచ్చట ఉంటే పై అంతస్తులో బెడ్‌రూమ్‌కి పెట్టుకోండి. లామినేట్ తక్కువ బడ్జెట్‌కి, అద్దెకిచ్చే ఫ్లాట్లకి ఓకే, బాత్రూమ్ గుమ్మానికి ఆనించి మాత్రం వేయించొద్దు.

లామినేట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

డబ్బా మీద ఏసీ3, ఏసీ4, ఏసీ5 అని ఉంటుంది, అది అరుగుదలకి సంబంధించిన గ్రేడ్. బెడ్‌రూమ్‌కి ఏసీ3 చాలు, హాలుకి ఏసీ4, షాపుకి ఏసీ5. మందం 8 ఎంఎం నుంచి 12 ఎంఎం దాకా దొరుకుతుంది, మందం ఎక్కువైతే అడుగు వేసినప్పుడు బోలు శబ్దం తగ్గుతుంది కానీ నీళ్ళకి తట్టుకోవడం అనేది మందంతో రాదు. జిగురులో వాడే ఫార్మాల్డిహైడ్ వాసన సంగతి పట్టించుకునేవాళ్ళు ఈ1 మార్క్ ఉందా అని చూసుకోండి.

పాత ఇల్లు తీసేసినప్పుడు టేకు దూలాలు వచ్చాయి, వాటితో ఫ్లోరింగ్ చేయించుకోవచ్చా?

చక్కగా చేయించుకోవచ్చు, అలాంటి చెక్క ఇప్పుడు కొందామన్నా దొరకడం కష్టం. బ్రాడీపేట, అరండల్‌పేట, సత్యనారాయణపురం లాంటి చోట పాత మిద్దెలు పడగొడుతుంటే టేకు దూలాలు పోగుపడతాయి, వాటిని చాలామంది వచ్చిన రేటుకి అమ్మేస్తారు. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి పెద్దగా వంకర్లు పోదు. కానీ మూడు సంగతులు చూసుకోవాలి. ముందు మేకులు, పాత ఇనప మేకు ఒక్కటి లోపల ఉండిపోయినా సామిల్లులో రంపం పళ్ళు పోతాయి, అందుకే మెటల్ డిటెక్టర్ పెట్టి వెతికి తీయాలి, సామిల్లు వాళ్ళు ముందే ఈ మాట అడుగుతారు. రెండోది చేవ. దూలం కోసినప్పుడు లోపల ముదురు రంగులో ఉండేది చేవ, అంచున తెల్లగా ఉండేది పురుగుకి ఇష్టం, ఆ తెల్ల భాగం ఫ్లోరింగ్‌కి వద్దు, తీసేయమనండి. ఇక మూడోది, పలకల అంచుల్లో ఒకదాంట్లో ఒకటి దూరే గాడి మెషీన్ మీదే కొట్టించాలి, చేత్తో చేస్తే లెవల్ రాదు. కోత, తరుగు పోను దూలంలో ఎంత చెక్క మిగులుతుందో ముందే లెక్క వేయించుకోండి, చాలామందికి అక్కడే నిరాశ.

పలకల అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడుతోంది, శాండింగ్ చేసేస్తే సరిపోద్దా?

వద్దు వద్దు, ఇదే ఎక్కువమంది చేయిస్తున్న తప్పు. అంచులు లేచాయంటే పలక అడుగు భాగంలో తేమ ఎక్కువ, పైన తక్కువ అని అర్థం. కింద ఉబ్బి, పైన కుంచించుకుని అలా వంగింది. ఆ స్థితిలో అంచులు అరగదీసి చదును చేశారనుకోండి, నాలుగు నెలలకి అడుగు ఆరాక పలక మామూలు ఆకారానికి వచ్చేస్తుంది, అప్పుడు అరగదీసిన అంచులు కిందకి దిగి మధ్యలో బొడిపె లేస్తుంది. మళ్ళీ శాండింగ్, మళ్ళీ ఖర్చు, చెక్క మందం కూడా పోయె.

మేం వెళ్ళాక ముందు మాయిశ్చర్ మీటర్ పెడతాం. రెండు సూదులున్న చిన్న మీటర్ అది, చెక్కలోకి గుచ్చితే తేమ శాతం చూపిస్తుంది. మన దగ్గర ఇంట్లో ఆరిన చెక్క సుమారు 8 నుంచి 12 శాతం మధ్యలో ఉండాలి. గదంతా 11 చూపించి ఒక మూల 19 చూపించిందంటే ఆ మూల గోడ వెనకాల ఏముందో చూడాలి. సాధారణంగా ఉండేవి ఇవే, బాత్రూమ్ గోడలో పైపు జాయింట్ లీకు, ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి గోడ లోపల కారడం, కిటికీ కింద సిమెంట్ పగులులోంచి వాన నీళ్ళు, వాటర్ ప్యూరిఫయర్ కింద ఎవరికీ కనపడని చుక్క చుక్క. పటమటలో ఒక ఫ్లాట్‌లో గోడకి రంగు కూడా ఉబ్బలేదు, గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ తీసి చూస్తే దాని వెనకాల నల్లగా బూజు, పక్కింటి వాళ్ళ వాష్ బేసిన్ పైపు ఆ గోడలోనే కారుతోంది. ప్లంబర్ వచ్చి అది ఆపాక ఫ్యాన్లు వేసి వదిలేశాం, ఆరేసరికి సగం పలకలు వాటంతటవే సర్దుకున్నాయి. మిగిలినవి మార్చి అప్పుడు మొత్తం పాలిష్ చేశాం.

కొత్త ఇల్లయితే ఇంకో అనుమానం, స్లాబ్ మీద లెవలింగ్ సిమెంట్ ఆరకముందే చెక్క వేసేశారా అని. 25 ఎంఎం మందం సిమెంట్ ఆరడానికి సుమారు నెల పడుతుంది, గృహప్రవేశం ముహూర్తం తోసుకొచ్చి ఇవన్నీ ఎవరూ ఆగరు. మీరే టెస్ట్ చేసుకోవచ్చు, అడుగున్నర చదరం పాలిథిన్ షీట్ నేల మీద పరిచి నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు వదిలేయండి, లేపినప్పుడు కింద చెమ్మ చుక్కలు గానీ, సిమెంట్ ముదురు రంగు గానీ కనపడితే ఇంకా ఆగాలి.

మే నెలలో పలకల మధ్య సందులు వచ్చాయి, లప్పం పెట్టించమంటారా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారు, చెక్క ఏం ఊరుకుంటుందండి. సాలిడ్ వుడ్‌లో వేసవి సందులు మామూలే, సెప్టెంబర్ వచ్చేసరికి వాటంతటవే మూసుకుంటాయి. ఎండలో లప్పం కూరితే వానాకాలంలో పలక ఉబ్బి దాన్ని బయటకి తోసేస్తుంది, లేదా చోటు చాలక మధ్యలో చెక్కే లేస్తుంది. వానాకాలం అయ్యాక కూడా సందు అలాగే ఉంటే అప్పుడు పిలవండి.

లామినేట్ జాయింట్ల దగ్గర ఉబ్బింది, ఆరితే తగ్గుతుందా?

తగ్గదు. టీలో ముంచిన బిస్కెట్ మళ్ళీ గట్టిపడుతుందా, ఇదీ అంతే, లోపల ఉన్న చెక్కపొడి ఒకసారి నీళ్ళు పీల్చి ఉబ్బితే వెనక్కి రాదు. శాండింగ్ చేస్తే ప్రింట్ కాగితం పోయి కింద గోధుమ రంగు బయటపడుద్ది. పాడైన పలకలు మార్చడమే దారి. గోడ దగ్గరైతే స్కర్టింగ్ తీసి, వరసగా లాక్ (పలకలు ఒకదాంట్లో ఒకటి బిగిసే అంచు) విప్పుకుంటూ వచ్చి మార్చేస్తాం. గది మధ్యలో అయితే పాడైన పలక ఒక్కదాన్నే కోసి తీసి, కొత్తదానికి కింద లాక్ తీసేసి జిగురుతో కూర్చోబెడతాం, బాగా చేస్తే కనపడదు. సమస్య ఎక్కడొస్తుందంటే ఆ డిజైన్ కంపెనీ ఆపేసి ఉంటుంది. అందుకే ఫ్లోరింగ్ వేయించేటప్పుడు ఒక డబ్బా ఎక్కువ కొని అటక మీద పెట్టుకోండి అని ప్రతివాళ్ళకీ చెప్తాం, చాలామంది మిగిలిన డబ్బా వాపస్ ఇచ్చేసి ఆ డబ్బుతో ఇంకేదో కొంటారు.

అసలు నీళ్ళే లేకుండా గది మధ్యలో లేచిందంటే గోడల దగ్గర ఖాళీ వదల్లేదేమో చూడాలి. చుట్టూ 8 నుంచి 12 ఎంఎం ఖాళీ వదలాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. అందంగా ఉండాలని గోడకి ఆనించి వేస్తే ఉబ్బినప్పుడు ఎటు పోతుంది, పైకే. అలాంటప్పుడు పలకలు మార్చక్కర్లేదు, అంచు కోస్తే సరి, సగం పూట పని.

శాండింగ్ ఎన్నిసార్లు చేయించొచ్చు?

ఒక్కో శాండింగ్‌కి సుమారు అర ఎంఎం నుంచి 1 ఎంఎం దాకా పోతుంది. సాలిడ్ వుడ్ జీవితకాలంలో ఐదారుసార్లు తట్టుకుంటుంది, గాడి పైన ఉన్న మందం అయిపోయేదాకా. ఇంజినీర్డ్ అయితే 3, 4 ఎంఎం టాప్ లేయర్‌కి రెండు మూడుసార్లు, 2 ఎంఎం అయితే ఒక్కసారి, అదీ చేయి తిరిగినవాడైతేనే. లామినేట్, ఎస్‌పీసీకి శాండింగ్ అన్న మాటే లేదు, ఎవరైనా చేస్తానంటే పంపించేయండి. గీతలు పైపైన ఉంటే మొత్తం అరగదీయక్కర్లేదు, పాత కోటింగ్‌ని కొంచెం గరుకు చేసి కొత్త కోటు ఒకటి వేస్తే చాలు, ఖర్చు చాలా తగ్గుతుంది.

వరద నీళ్ళలో మునిగిన ఫ్లోర్ పనికొస్తుందా?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, అప్పట్నుంచి ఈ ప్రశ్న ఆగలేదు. లామినేట్ అయితే ఆలోచించకండి, తీసి పారేయడమే, కింద ఫోమ్ షీట్‌తో సహా, ఎందుకంటే వరద నీళ్ళంటే మురుగు కూడా. ఎస్‌పీసీ పలక బానే ఉంటుంది కానీ కింద బురద చేరి వాసన వస్తుంది, అందుకని మొత్తం విప్పి, కడిగి, ఫోమ్ మార్చి మళ్ళీ వేయొచ్చు. లాక్‌లు విరక్కుండా విప్పే ఓపిక ఉండాలి, పలకల వెనక నంబర్లు వేసుకుంటూ తీస్తాం.

సాలిడ్ టేకు అయితే ఆశ వదులుకోవద్దు. బురద ఎండకముందే మంచినీళ్ళతో కడిగేయాలి, మధ్యలో అక్కడక్కడా కొన్ని పలకలు లేపి కిందకి గాలి ఆడనివ్వాలి, ఫ్యాన్లు వేయాలి, హీటర్లు, ఎర్రటి ఎండ వద్దు, గబుక్కున ఆరితే పగులుతుంది. వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు. మీటర్ మళ్ళీ మామూలు చూపించేదాకా ఎవరు తొందర పెట్టినా శాండింగ్ వద్దు. ఇంజినీర్డ్ పరిస్థితి మధ్యస్థం, పొరలు విడిపోతే పోయినట్టే.

చెదలా, పుచ్చా? ఎలా తెలుస్తుంది?

స్కర్టింగ్ పక్కన గోడ మీద సన్నటి మట్టి గీత కనపడితే చెదలు. చిన్న చిన్న గుండుసూది బొక్కలు, వాటి కింద మెత్తటి పిండి రాలుతుంటే పుచ్చు పురుగు. రెండింటికీ మందు వేరు, పద్ధతి వేరు. ఇలా మట్టి గీత వేసే చెదలు చెక్కలో పుట్టవు, కింద నేలలోంచి స్లాబ్ పగుళ్ళలోంచి వస్తాయి, కాబట్టి చెక్క మార్చేసి ఊరుకుంటే కొత్త చెక్క కూడా వాటికి భోజనమే. కట్టిన ఇంట్లో చెదల మందు కొట్టేవాళ్ళు గోడా నేలా కలిసే చోట 300 ఎంఎంకి ఒకటి చొప్పున 12 ఎంఎం బొక్కలు వేసి మందు ఎక్కిస్తారు. చెక్క ఫ్లోర్ ఉన్న గదిలో వాళ్ళు నేరుగా చెక్కలోంచే డ్రిల్ దించేస్తారు, అది జరక్కుండా ముందు మమ్మల్ని పిలిచి స్కర్టింగ్, అంచు పలక తీయించుకోండి, మందు పని అయ్యాక మళ్ళీ వేస్తాం. లామినేట్‌ని కూడా చెదలు తింటాయి, ఎస్‌పీసీ జోలికి రావు.

నడుస్తుంటే కిర్రు కిర్రు మంటోంది?

కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటే పలక ఊగి లాక్‌ల దగ్గర రాపిడి వస్తుంది. 2 మీటర్ల బద్ద పెట్టి చూస్తే కింద 3 ఎంఎం కంటే ఎక్కువ సందు ఉండకూడదు. సాలిడ్ వుడ్ అయితే కింద రీపర్లు (పలకల్ని మోసే చెక్క బద్దలు) వదులై ఉంటాయి, పైనుంచి స్క్రూ దించి తలని చెక్క బిరడాతో మూసేస్తాం. శబ్దం ఒక్కటే సమస్య అయితే తొందరేం లేదు.

మరకలు పడ్డాయి, పోతాయా?

మరక రంగు చెప్పండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. తెల్లగా మబ్బుగా ఉంటే తేమ పై కోటింగ్‌లో మాత్రమే ఉంది, అది తేలిక. నల్లగా ఉంటే నీళ్ళు చెక్క లోపలికి దిగాయి, లేదా ఇనుము తగిలింది. టేకు, ఓక్‌లో ఉండే టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, తడి ఇనప బీరువా కాళ్ళ కింద వచ్చే మరకలు ఇవే. కోటింగ్ తీసేసి ఆక్సాలిక్ యాసిడ్‌తో ఆ నలుపు తగ్గిస్తాం, అది విషం, గ్లవ్స్ మాస్క్ లేకుండా ముట్టుకోకూడదు, ఇంట్లో ట్రై చేయకండి. ఆవకాయ జాడీ కింద దిగిన నూనె కారం మరక అయితే వెంటనే తుడిస్తే ఏం కాదు, ఏడాది తర్వాత జాడీ జరిపి చూస్తే ఎర్రటి చక్రం పడి ఉంటది, అది శాండింగ్‌కి కూడా ఒక్కోసారి పూర్తిగా పోదు. జాడీ కింద పళ్ళెం పెట్టండి, అంతకంటే చవక రిపేర్ లేదు.

రోజూ ఎలా తుడవాలి?

గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ. బకెట్ నీళ్ళు కుమ్మరించి కడగడం, ఫినాయిల్, స్టీమ్ మాప్, మూడూ వద్దు. పనమ్మాయికి టైల్స్ అలవాటు కాబట్టి మొదటి వారం పక్కన ఉండి చూపించండి. మెరుపు కోసం కొబ్బరినూనె, మైనం రాయొద్దు, రేపు పాలిష్ వేసేటప్పుడు ఆ చోట పీయూ (పాలీయూరిథేన్ పాలిష్) పట్టదు.

సాలిడ్ వుడ్ మీద ఏదో పడి సొట్ట పడింది, దానికి కూడా మీరే రావాలా?

అక్కర్లేదు. చెక్క నలిగిందే గానీ నార తెగలేదు అనుకుంటే, కాటన్ గుడ్డ తడిపి సొట్ట మీద వేసి, ఇస్త్రీపెట్టె మీడియం వేడి మీద నాలుగైదు సెకన్లు ఆనించి తీసేయండి. ఆవిరికి నలిగిన చెక్క పైకి లేస్తుంది. రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు పోతుంది, తర్వాత ఆరనిచ్చి సన్న ఉప్పు కాగితం రుద్ది కొంచెం పాలిష్ తాకించండి. పైన మందపాటి కోటింగ్ ఉంటే తెల్లబడొచ్చు, కాబట్టి బీరువా వెనకాల మూలలో ముందు ట్రై చేసి చూడండి. లామినేట్ మీద ఇస్త్రీపెట్టె పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు.

ఏ పాలిష్ మంచిది, ఎన్ని రోజులు గది ఖాళీ చేయాలి?

ఫర్నిచర్‌కి వేసే మెలమైన్ పాలిష్ నేలకి వద్దు, కాళ్ళ తొక్కుడికి నిలవదు. పీయూ వేయించండి. ఆయిల్ బేస్ పీయూ కొంచెం పసుపు రంగు తిరుగుతుంది, టేకు మీద అది అందంగానే ఉంటుంది, వాసన మాత్రం ఎక్కువ. వాటర్ బేస్ త్వరగా ఆరుతుంది, రంగు మారదు, రేటు ఎక్కువ. చిన్నపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే వాటర్ బేసే తీసుకోండి.

శాండింగ్ 40 నంబర్ కాగితంతో మొదలుపెట్టి 60, 80, చివర 120 దాకా వెళ్తాం, మధ్యలో నంబర్లు ఎగ్గొడితే పాలిష్ పడ్డాక గీతలు వెలుతురుకి కనపడతాయి. తర్వాత మూడు కోట్లు. చివరి కోటు పడ్డాక ఒక రోజు ఆగి మేజోళ్ళతో నడవొచ్చు, మూడు రోజులకి ఫర్నిచర్ ఎత్తి పెట్టొచ్చు, ఈడ్చకూడదు, తివాచీలు మాత్రం రెండు వారాలు ఆగండి. సంక్రాంతికి అల్లుడొస్తున్నాడు, పండక్కి వారం ముందు చేసిపెట్టండి అంటారు, కుదరదండి. వీలైతే పండగ అయ్యాక జనవరి చివర, ఫిబ్రవరిలో పెట్టుకోండి, గాలి పొడిగా ఉంటుంది, పాలిష్ బాగా కూర్చుంటుంది.

కూచిపూడి క్లాసుకి చెక్క ఫ్లోర్ కావాలి, లామినేట్ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. సిమెంట్ మీద పల్చటి ఫోమ్, దాని మీద లామినేట్ అంటే కాలికి తగిలేది సిమెంటే, గట్టిగా అడుగు కొట్టే డ్యాన్స్‌కి పిల్లల మోకాళ్ళు, మడమలు దెబ్బతింటాయి, లాక్‌లు కూడా ఆ దెబ్బకి విరుగుతాయి. కింద రబ్బరు దిమ్మలు, వాటి మీద రీపర్లు, ప్లైవుడ్, ఆ పైన సాలిడ్ గానీ మందపాటి ఇంజినీర్డ్ గానీ వేయాలి, నేల కొంచెం స్ప్రింగ్ ఇస్తుంది. షటిల్ కోర్టుల్లో మ్యాట్ కింద వేసే చెక్క కూడా ఈ పద్ధతే. గుమ్మం దగ్గర నేల ఎత్తు మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది, తలుపులు కోయాల్సి రావచ్చు.

బాల్కనీకి?

ఇంట్లో వేసేవి ఏవీ బయట పనికిరావు. టేకు డెక్ గానీ డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) గానీ, కింద నీళ్ళు పోయే దారి ఉంచి. టేకుకి ఏడాదికోసారి ఆయిల్ కొట్టకపోతే ఎండకి బూడిద రంగు తిరుగుతుంది.

ఎస్‌ఎఫ్‌టీకి ఎంత అవుద్ది?

ఫోన్‌లో ఎస్‌ఎఫ్‌టీ రేటు ఒక్కటే చెప్పేవాళ్ళతో జాగ్రత్త. ఆ రేటులో ఫోమ్ ఉందా, స్కర్టింగ్ రన్నింగ్ ఫుట్ లెక్క వేరేనా, గుమ్మాల పట్టీలు ఎవరివి, పాత ఫ్లోర్ తీసి చెత్త మోసేది ఎవరు, లిఫ్ట్ లేకపోతే మోత ఖర్చు ఎంత, జీఎస్టీ బిల్లు ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మెటీరియల్‌లో 5 నుంచి 10 శాతం తరుగు మామూలే, హెరింగ్‌బోన్ డిజైన్ (పలకలు ఏటవాలుగా చేప ముల్లులా పేర్చేది) అయితే 15 దాకా పోద్ది. రిపేర్‌లో చిన్న పనికి రేటు ఎక్కువ అనిపిస్తుంది, రెండు పలకలు మార్చడానికైనా మిషన్లు, మనుషులు రావాల్సిందే కదా. అందుకే పక్క ఫ్లాట్ వాళ్ళకి కూడా పని ఉందేమో కనుక్కుని ఇద్దరూ కలిపి పిలవండి, మేమే తగ్గిస్తాం.

ఎవర్ని పిలవాలి, మామూలు కార్పెంటర్ చాలడా?

తలుపులు, మంచాలు అద్భుతంగా చేసే కార్పెంటర్‌కి కూడా ఫ్లోర్ శాండింగ్ మెషీన్ కొత్తయితే నేల మీద అలలు పడతాయి, ఒక్కచోట రెండు సెకన్లు ఆగినా గుంటే. వచ్చినవాణ్ణి మూడు అడగండి. మాయిశ్చర్ మీటర్ తెచ్చావా? దుమ్ము పీల్చే మెషీన్ ఉందా? మూలలో ఒక అడుగు చదరం శాంపిల్ చేసి చూపిస్తావా? మీటర్ చూడకుండా, స్కర్టింగ్ తీయకుండా పైన పాలిష్ కొట్టేస్తాను అన్నాడంటే పైన పటారం లోన లొటారం వ్యవహారమే. పీయూ డబ్బా మీ ఎదురుగానే సీల్ తీయించండి. అడ్వాన్స్ మెటీరియల్ వరకే ఇచ్చి, మిగతాది చివరి కోటు ఆరాక పగటి వెలుతురులో చూసుకుని ఇవ్వండి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద అన్ని ఫ్లోర్లూ బానే కనపడతాయి.

ఫోటోలు పంపితే చెప్పేస్తారా?

చాలావరకు చెప్తాం. నాలుగు ఫోటోలు పంపండి: గుమ్మం దగ్గర పలక అంచు పక్కనుంచి, పాడైన చోటు దగ్గరగా పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి, గది మొత్తం కిటికీతో సహా, ఆ పాడైన చోటుకి అవతలి పక్క గోడ. నాలుగోది ఎవరూ పంపరు, మాకు అన్నిటికంటే కావాల్సింది అదే, అటు బాత్రూమా వంటిల్లా అని తెలియాలి. ఫైనల్ రేటు మాత్రం వచ్చి ఒకచోట స్కర్టింగ్ తీసి చూశాకే.